పడక పుండ్లు రాకుండా ఆయాలకు, అటెండర్లకు శిక్షణ ఎట్లా ఇవ్వాలి?

హోమ్_ఇన్‌ఛార్జి_తిరుపతి · ఉదయం 10:05

అందరికీ నమస్కారం. తిరుపతిలో మంచం పట్టినవాళ్లను ఎక్కువకాలం ఉంచుకుని చూసుకునే 36 పడకల కేంద్రం కోసం అడుగుతున్నా. పక్షవాతం, వెన్నుపూస దెబ్బ, తుంటి విరిగినవాళ్లు, మతిమరుపు జబ్బు ముదిరినవాళ్లు ఉంటారు. 22 మంది తమంతట తాము ఒత్తిగిలలేరు. సిబ్బంది 16 మంది: నలుగురు నర్సులు, మిగతావాళ్లు ఆయాలు, అటెండర్లు. ఎక్కువమంది ఎనిమిదో పదో చదివినవాళ్లు, ముగ్గురికి తెలుగుకంటే తమిళం సులువు. ఒకరోజు క్లాసు పెట్టి స్లైడ్లు చూపిద్దామన్నది ఇప్పటి ఆలోచన. సరిపోతుందా? ఏది ముందు నేర్పాలి? నేర్చుకున్నారో లేదో ఎట్లా తెలుస్తుంది? కొలతలతో సహా చెప్పండి.

నర్సింగ్_ట్యూటర్ · ఉదయం 10:48

ఒకరోజు క్లాసు వద్దండీ. ఆరు గంటలు కూర్చోబెట్టి చెప్తే మర్నాటికి గుర్తుండేది భోజనం ఒక్కటే. రోజుకు 20 నిమిషాలు, ఆరు రోజులు, మంచం పక్కనే చెప్పండి. మధ్యాహ్నం 2 గంటలకు డ్యూటీ మారే సమయం మేలు, రెండు షిఫ్టులవాళ్లూ దొరుకుతారు. ఒక విడతకు నలుగురైదుగురే ఉండాలి. రాత్రి డ్యూటీవాళ్లకు విడిగా రాత్రి 8 గంటలకు పెట్టండి. చాలా చోట్ల వాళ్లకే శిక్షణ అందదు.

మొదటిరోజు 'ఎందుకు' అన్నది నోటితో చెప్పకండి, ఒంటితో తెలియనివ్వండి. ఆయమ్మను ఖాళీ మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, అరచేయి పైకి ఉండేట్టు తన ముడ్డిపూస కిందే పెట్టుకోమనండి. రెండు నిమిషాలకే చేయి నొప్పి పుడుతుంది. చెయ్యి తీసుకోనివ్వకుండా ఇప్పుడు తలవైపు మంచం 60 డిగ్రీలు లేపండి. ఒళ్లు కిందికి జారుతుంది, చేతి చర్మం మాత్రం దుప్పటికి అంటుకుని ఆగిపోతుంది, లోపల ఎముక కదలడం తెలుస్తుంది. పక్షవాతం మనిషికి కూడా ఇదే జరుగుతోంది, ఆయనకు తెలియదు, తెలిసినా చెప్పలేడు.

తర్వాత రెండు మాటలు చాలు. ఒకటి: ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన కండకు నెత్తురు అందదు. రెండోది: ఎముకను ఆనుకున్న కండ ముందు చస్తుంది, చర్మం ఆఖర్న. అందుకే పైన రూపాయి బిళ్లంత కనిపించేది లోపల అరచేయంత ఉండొచ్చు. ఈ రెండో మాట బుర్రకెక్కినవాళ్లు ఎర్ర మచ్చను చూసి 'ఏం కాదులే' అనరు.

ఎక్కడెక్కడ చూడాలో ఆయా ఒంటిమీదే తాకి చూపించండి: తల వెనుక, చెవులు, భుజం రెక్కలు, మోచేతులు, ముడ్డిపూస, తుంటి పక్కలు, మోకాళ్ల లోపలివైపు, చీలమండలు, మడమలు. కూర్చునేవాళ్లకు పిర్రల కింద ఉండే రెండు ఎముకలు.

ఫిజియో_చిత్తూరు · ఉదయం 11:30

ట్యూటర్ గారి మొదటిరోజు పాఠం తర్వాత రెండు రోజులూ ఒత్తిగిలించడానికే ఇవ్వండి. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

90 డిగ్రీలు పూర్తిగా పక్కకు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీదికి పోతుంది. ముడ్డిపూసను కాపాడబోయి తుంటి దగ్గర పుండు తెచ్చుకున్నట్టు. 30 డిగ్రీలే తిప్పాలి. పిల్లల జామెట్రీ బాక్సులో 30-60 మూలమట్టం ఉంటుంది కదా, దాన్ని అట్ట మీద పెద్దదిగా గీసి కత్తిరించి వార్డులో గోడకు తగిలించండి. తిప్పాక ఆ అట్టను వీపు వెనుక పెట్టి చూస్తే కోణం తేలిపోతుంది. చివరి పరీక్ష చేతితో చేయాలి: ముడ్డిపూస కిందికి అరచేయి సులువుగా దూరాలి, తుంటి ఎముక మీద కూడా బరువు పూర్తిగా ఆనకూడదు. రెంటిలో ఏది తప్పినా దిండు సర్దాలి.

తలవైపు ఎత్తడానికీ అదే లెక్క. మంచంలో లేచే భాగం పొడవు 75 సెంటీమీటర్లైతే దాని చివర సుమారు 37 సెంటీమీటర్లు లేస్తే 30 డిగ్రీలు. పొడవులో సగం ఎత్తు, అంతే. మంచం పక్క గోడమీద ఆ ఎత్తులో రంగు టేపు అంటించండి. అన్నం పెట్టేటప్పుడు, ముక్కు గొట్టంలో ఫీడ్ పోసేటప్పుడు ఇంకా లేపాలి, తప్పదు. అప్పుడు ముందు మోకాళ్లవైపు లేపి ఆ తర్వాత తలవైపు లేపితే మనిషి జారడు. లేపాక ఒకసారి భుజాలు పట్టుకుని ముందుకు వంచి మళ్లీ ఆనించాలి, వీపు చర్మంలో చిక్కిన లాగుడు వదిలిపోతుంది. ఈ చిన్న పని దాదాపు ఎవరూ నేర్పరు.

మనిషికి దిండ్లు 5 కావాలి: తలకు 1, వీపు వెనుక 1, మోకాళ్ల మధ్య 1, పిక్కల కింద 1, చేయి ఆనించడానికి 1. 22 మందికి 110. ముందు దిండ్లు కొని ఆ తర్వాత శిక్షణ పెట్టండి. దిండు లేని చోట 30 డిగ్రీలు నేర్పితే ఏం లాభం?

మడమల సంగతి విడిగా చెప్పాలి. దిండును పిక్క పొడవునా, మోకాలి కింద నుంచి చీలమండకు కాస్త పైదాకా పెట్టాలి, మోకాలు కొంచెం వంగి ఉండాలి. మడమ గాల్లో తేలాలి. మడమకూ పరుపుకూ మధ్య కాగితం అడ్డం లేకుండా దూరిపోవాలి. దిండును మడమ పై నరం కింద మాత్రమే పెడితే ఒత్తిడి అక్కడికి మారుతుంది. గాలి ట్యూబుల చక్రాలు, గుడ్డతో చుట్టిన చుట్టలు వాడొద్దు. చుట్టూ ఒత్తి, మధ్యలో నెత్తురు ఆపేస్తాయి.

పైకి జరిపేటప్పుడు చంకల్లో చేతులు పెట్టి లాగడం మాన్పించండి. భుజాల నుంచి తొడల మధ్యదాకా వచ్చే అడ్డ దుప్పటి వేసి, ఇద్దరు రెండువైపులా అంచును ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకుని 'ఒకటి, రెండు, మూడు' అని ఎత్తి జరపాలి. ఎత్తాలి, ఈడ్చకూడదు.

పుండ్ల_డ్రెస్సింగ్_నర్సు · మధ్యాహ్నం 12:15

నాలుగోరోజు చర్మం చూడడం. పుస్తకాల్లో 'ఎర్రగా మారి, నొక్కితే తెల్లబడదు' అని ఉంటుంది. మన చామనఛాయ, నల్లని ఒళ్ల మీద ఆ ఎరుపు చాలాసార్లు కనిపించదు. కాబట్టి చేతిని నమ్ముకోవడం నేర్పండి. ఎముక మీద చర్మాన్నీ, దానికి నాలుగు వేళ్ల దూరంలో ఉన్న చర్మాన్నీ ఒకదాని తర్వాత ఒకటి తాకి పోల్చాలి. వేడిగా ఉందా, చల్లగా ఉందా? గట్టిపడిందా, బురదలా మెత్తబడిందా? తాకితే మొహం చిట్లిస్తున్నారా? రంగు చుట్టుపక్కల కంటే ముదురుగా, ఊదాగా ఉందా? ట్యూబ్‌లైట్ నీడలో కాకుండా టార్చి వేసి చూడాలి.

రంగు తెలిసే ఒంటిమీద వేలితో 3 సెకన్లు నొక్కి వదలాలి. తెల్లబడి మళ్లీ రంగు వస్తే నెత్తురు ఆడుతోంది. తెల్లబడకపోతే అటువైపు పడుకోబెట్టడం ఆపి, అరగంట తర్వాత మళ్లీ చూడాలి. అప్పటికీ పోకపోతే అది మొదటి దశే, నర్సుకు చెప్పాలి.

దశలు ఆయాలకు ఇట్లా చెప్తే చాలు: 1, చర్మం తెగలేదు, మచ్చ పోవడం లేదు. 2, పైపొర లేచింది లేదా నీటి బొబ్బ. 3, గుంట పడింది, కొవ్వు కనిపిస్తోంది. 4, కండరమో నరమో ఎముకో కనిపిస్తోంది. పసుపు పొరతోనో నల్ల పెచ్చుతోనో మూసుకుపోతే లోతు తేలదు, అంకె వేయకూడదు. ఊదారంగు మచ్చ వేరే, అది లోపలి దెబ్బ. ఒత్తిడి పడిన 48 నుంచి 72 గంటలకు బయటపడుతుంది. ఆస్పత్రి నుంచో ఇంటి నుంచో వచ్చిన రెండోరోజు అది కనిపిస్తే మీ దగ్గర మొదలైనది కాకపోవచ్చు. అందుకే చేరిన మొదటి షిఫ్టులోనే తల నుంచి పాదందాకా చూసి రాసిపెట్టాలి. లేకపోతే ఆ తర్వాత ఆయాల మీద నింద పడుతుంది, అది అన్యాయం.

ఇంకొకటి, మూత్రం, మలం తడితో చర్మం ఒరిసిపోవడాన్ని పడక పుండు అని రాసేస్తుంటారు. తడిది మడతల్లో, తొడల మధ్య, విస్తారంగా, పలచగా, అంచు లేకుండా ఉంటుంది. ఒత్తిడిది ఎముక మీద, అంచు కట్టి, లోతుగా ఉంటుంది. మందు వేరు, జాగ్రత్త వేరు.

శ్రీకాళహస్తి_అటెండర్ · మధ్యాహ్నం 1:02

సిస్టర్, ఎర్రగా ఉన్నచోట స్పిరిట్ రాసి రుద్ది, పౌడరు వేయమని ఇంటివాళ్లే చెప్తారు. కొబ్బరినూనెతో మర్దన చేయకపోతే సరిగా చూసుకోవడం లేదని అంటారు. ఏం చెప్పాలి వాళ్లకు?

పుండ్ల_డ్రెస్సింగ్_నర్సు · మధ్యాహ్నం 1:20

మంచి ప్రశ్న అన్నా. ఎర్రబడిన చోట రుద్దితే లోపల ఇప్పటికే దెబ్బతిన్న సన్న నాళాలు చిట్లుతాయి. స్పిరిట్, డెట్టాల్ చర్మాన్ని ఎండగడతాయి. పౌడరు చెమటతో కలిసి ఉండకట్టి ఒరుస్తుంది. ఇంటివాళ్లకు 'వద్దు' అనే బదులు వేరే పని ఇవ్వండి: చేతులకు, కాళ్లకు, ఎముకలు లేని కండ మీద నూనె రాయండి, ఎముకల మీద వద్దు, అని. వాళ్ల చెయ్యి పడాలన్న కోరిక తప్పు కాదు కదా.

తడికి ఇట్లా చేయాలి: గోరువెచ్చని నీళ్లు, ఘాటు లేని సబ్బు, మెత్తని గుడ్డ. అద్దాలి, తోమకూడదు. ఆరాక జింక్ ఆక్సైడ్ క్రీమో వాసెలీనో పలచగా రాయాలి. మళ్లీ మలం అయితే పైపైన మురికే తుడవాలి. జింక్ పొర మొత్తం పోయేదాకా రుద్దితే చర్మం కూడా పోతుంది. డైపరు ఒత్తిగిలించే ప్రతిసారీ చూడాలి, పడుకున్నప్పుడు బిగించకుండా విప్పి కింద పరిస్తే గాలి ఆడుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే ఎండలకు కింద రెగ్జిన్ షీటు ఉంటే వీపు చెమటలో నానిపోతుంది. దాన్ని తీసేయడమో, పైన నూలు దుప్పటి వేసి తడిసినప్పుడల్లా మార్చడమో చేయాలి.

పరికరాలు_చూసేవాడు · మధ్యాహ్నం 2:40

ఎయిర్ బెడ్ ఉందంటే ఇక తిప్పక్కర్లేదని అనుకోవడం అన్నిచోట్లా చూస్తాం. తిప్పాల్సిందే. పైగా సరిగా పెట్టకపోతే అది మామూలు పరుపుకంటే అన్యాయం.

పంపు కాళ్లవైపు తగిలించాలి, గొట్టం మంచం చట్రంలో నలగకూడదు. మనిషి బరువును బట్టి నాబ్ తిప్పాలి, నిండుగా పెడితే రాయిలా ఉంటుంది. అరగంట ఆగి చేతి పరీక్ష చేయండి: ముడ్డిపూస ఉన్నచోట పరుపు కిందికి అరచేయి పైకి ఉండేట్టు దూర్చాలి. చేతికి ఎముక తగిలితే గాలి చాలదు. కనీసం 2.5 సెంటీమీటర్ల గాలి మిగలాలి. పైన ఒకే పలచని దుప్పటి, వదులుగా. బిగించి లాగితే ఊయల కట్టినట్టై గాలి గదులు పని చేయవు. మూడు మడతల చీర, రగ్గు, మాకిన్‌తోష్ (రబ్బరు షీటు) వేస్తే అసలు ఎయిర్ బెడ్ ఎందుకు కొన్నట్టు? సేఫ్టీ పిన్నులు ఆ గదిలోకే రాకూడదు.

కరెంటు పోతే చాలా రకాల్లో గాలి మెల్లగా దిగిపోతుంది, మనిషి ఇనుప మంచం మీద ఉన్నట్టే. కాబట్టి కింద ఫోమ్ పరుపు ఉండాల్సిందే. పంపుకు చిన్న బల్బుకయ్యేంత కరెంటే పడుతుంది, ఇన్వర్టరు లైనుకు కలిపించండి. ఒక ఆయాకు ఇది ప్రత్యేకంగా అప్పగించండి: ప్రతి షిఫ్టు మొదట పంపు లైటు, గొట్టం, చేతి పరీక్ష.

నైట్_సూపర్‌వైజర్ · మధ్యాహ్నం 3:15

ఇక్కడ ఎవరూ లెక్క చేయలేదు. 22 మంది, ఒక్కొక్కరిని ఇద్దరు కలిసి తిప్పి, చర్మం చూసి, డైపరు సర్ది, దిండ్లు పెట్టడానికి 5 నిమిషాలు. 110 నిమిషాలు. రెండు గంటలకొకసారి అంటే రాత్రి ఒక జత ఇంకే పనీ చేయకుండా తిప్పుతూనే ఉండాలి. నీళ్లు తాగే టైము 10 నిమిషాలు. అది జరగదు. జరగదు కాబట్టి తెల్లారి 5 గంటలకు చార్టులో రాత్రంతటి టిక్కులూ ఒకేసారి పడతాయి. తప్పు ఆయాలది కాదు, వేసిన పట్టికది.

నర్సింగ్_ట్యూటర్ · మధ్యాహ్నం 3:58

మీ లెక్క సరైంది, దీనికి జవాబు చెప్పకుండా శిక్షణ మొదలుపెడితే వ్యర్థం. రెండు గంటలన్నది అందరికీ ఒకటే చట్టం కాదు. అమెరికా, కెనడా నర్సింగ్ హోముల్లో జరిగి 2013లో వచ్చిన అధ్యయనంలో హై డెన్సిటీ ఫోమ్ పరుపుల మీద ఉన్నవాళ్లను 2, 3, 4 గంటలకు తిప్పినా పుండ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే అక్కడ ప్రతిసారీ చర్మం చూశారు, రాశారు. మన కాయర్ పరుపు మీద అది వర్తించదు. పిడికిలితో గట్టిగా నొక్కితే మంచం చెక్క తగిలే పరుపు ఏదైనా మార్చాలి.

కాబట్టి ముందు మనుషులను విడదీయాలి. పడక పుండు వచ్చే ప్రమాదం ఎవరికెంతో మార్కుల్లో చెప్పే బ్రేడెన్ స్కేలు 1987లో వచ్చింది, ఇప్పటికీ వాడుతున్నారు. స్పర్శ తెలియడం, తడి, నడక, మంచంలో కదలిక, తిండి, రాపిడి అని ఆరు అంశాలు. రాపిడికి 3 దాకా, మిగతా ఐదింటికి 4 దాకా మార్కులు. మొత్తం 6 నుంచి 23. తక్కువ వస్తే ప్రమాదం ఎక్కువ. 18, అంతకంటే తక్కువైతే జాగ్రత్త మొదలవ్వాలి. 12, అంతకంటే తక్కువైతే ఎక్కువ ప్రమాదం, 9, అంతకంటే తక్కువైతే అతి ఎక్కువ. నర్సులే వేయాలి: చేరినప్పుడు, తర్వాత నాలుగు వారాలు వారానికొకసారి, ఆపైన మూడు నెలలకొకసారి. జ్వరం, పక్షవాతం మళ్లీ రావడం, తిండి మానేయడం లాంటివి జరిగితే ఆరోజే.

22 మందిలో 12 లోపు మార్కులు 8 మందికి వచ్చాయనుకోండి. వాళ్లకు 2 గంటలు, 40 నిమిషాల పని. మిగిలిన 14 మంది మంచి ఫోమ్ మీద ఉండి, చర్మం శుభ్రంగా ఉంటే 4 గంటలు. సగం సగం చేసుకుంటే రెండు గంటలకు ఏడుగురు, 35 నిమిషాలు. మొత్తం 75. ఇది ఇద్దరు చేయగల పని. తిప్పినప్పుడు పోని మచ్చ ఒక్కటి కనిపించినా ఆ మనిషి 4 నుంచి 2 గంటల జాబితాకు మారాలి, డాక్టరు కోసం ఎదురుచూడకుండా. మంచం తలవైపు ఎర్ర రిబ్బను కడితే 2 గంటలు, పచ్చదైతే 4. చదువుతో పనిలేదు, భాషతో పనిలేదు.

నైట్_సూపర్‌వైజర్ · సాయంత్రం 4:10

75 అంటే ఒప్పుకుంటాను. చార్టులో టిక్కు తీసేసి 'కు', 'ఎ', 'వె' అని రాయించండి: కుడి, ఎడమ, వెల్లకిలా. అప్పుడు తనిఖీ సులువు. రాత్రి 1:40కి ఏవైనా మూడు పడకల దగ్గరికి వెళ్లి చార్టులో అక్షరం, మనిషి పడుకున్న తీరు ఒకటేనా చూడాలి. 'చేయలేకపోయాం' అని రాయడానికి కూడా ఒక గుర్తు ఉండాలి, అది రాసినవాళ్లను తిట్టకూడదు. తిడితే మళ్లీ టిక్కులే.

డైటీషియన్_పలమనేరు · సాయంత్రం 5:25

తిండి గురించి ఐదోరోజు పెట్టండి, వంటవాళ్లను కూడా కూర్చోబెట్టండి. చిక్కిపోయి ప్రమాదంలో ఉన్నవాళ్లకు కిలో బరువుకు రోజుకు 30 నుంచి 35 కేలరీలు, 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 50 కిలోల మనిషికి 1500 నుంచి 1750 కేలరీలు, 62 నుంచి 75 గ్రాముల ప్రొటీన్. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు డాక్టరు చెప్పిన లెక్కే.

మన తిండిలో: గుడ్లు 2 (12 గ్రాములు), పాలు రెండు గ్లాసులు, 400 మిల్లీలీటర్లు (13), కందిపప్పు పచ్చిది 60 గ్రాములు (13), వేయించిన చెనిక్కాయలు 30 గ్రాములు పొడిగా (7), బియ్యం 200 గ్రాములు (14), రాగిపిండి 50 గ్రాములు (3.5), పెరుగు ఒక గిన్నె (3). 65 దాటుతుంది. గుడ్డు తిననివాళ్లకు మీల్ మేకర్ ఎండుది 25 గ్రాములు నానబెట్టి మెత్తగా రుబ్బి కూరలో కలిపితే ఆ లోటు తీరుతుంది. మింగడం కష్టమైనవాళ్లకు సంగటి ముద్ద పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడుతుంది. రాగి జావ చిక్కగా, పాలతో. దాని చిక్కదనం మింగుడు పరీక్ష చేసినవాళ్లు చెప్పినట్టు ఉండాలి.

ఆయాలు నేర్చుకోవాల్సింది కేలరీలు కాదు, పళ్లెంలో ఎంత మిగిలిందో చెప్పడం. పావు, సగం, ముప్పావు అని రాయాలి. నెలకొకసారి బరువు చూడాలి. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే నర్సుకు తెలియాలి. 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే అంతే అయిపోయింది, చూపుకు తెలియదు.

ఫిజియో_చిత్తూరు · సాయంత్రం 6:05

కుర్చీ సంగతి మిగిలింది. మంచం దింపి కుర్చీలో కూర్చోబెట్టి ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా అట్లాగే వదిలేస్తారు, 'లేచి కూర్చున్నారు కదా' అని. కూర్చుంటే పిర్రల ఎముకల మీద ఒత్తిడి పడుకున్నప్పటికంటే ఎక్కువ. చేతులు బలంగా ఉన్న వెన్నుపూస దెబ్బవాళ్లకు 15 నిమిషాలకొకసారి ముందుకు వంగి ఛాతీని తొడల మీదికి తేవడం నేర్పండి, రెండు నిమిషాలు అట్లాగే ఉండాలి. చేతులతో ఒళ్లు పైకెత్తడం పది సెకన్లు చేస్తే నెత్తురు తిరిగి నిండదు, భుజాలు కూడా పాడవుతాయి. తమంతట వంగలేనివాళ్లను గంటకొకసారి ఆయా వంచి ఆనించాలి. ఒక విడతకు రెండు గంటలు మించకుండా కూర్చోబెట్టాలి. పాదాలు నేలమీదో ఫుట్‌రెస్టు మీదో పూర్తిగా ఆనాలి. వేలాడితే మనిషి ముందుకు జారిపోతాడు.

పుండ్ల_డ్రెస్సింగ్_నర్సు · సాయంత్రం 6:30

గొట్టాలను మరవద్దు. ముక్కు గొట్టం ఒకే రంధ్రం అంచుకు ఒరుసుకోవడం, ఆక్సిజన్ గొట్టం చెవి వెనుక, మూత్రపు గొట్టం తొడ కింద నలగడం. రోజుకు రెండుసార్లు ప్లాస్టరు విప్పి చూసి చోటు మార్చాలి. ఆయా తిప్పిన ప్రతిసారీ 'ఒంటి కింద ఏముంది' అని చేత్తో తడమాలి: సిరంజి మూత, బటన్, దువ్వెన, రొట్టె ముక్క.

హోమ్_ఇన్‌ఛార్జి_తిరుపతి · రాత్రి 8:50

చాలా ఉపయోగపడింది. ఆరోరోజు పరీక్ష ఎట్లా పెట్టాలో, ఫలితం ఎట్లా లెక్కపెట్టాలో కూడా చెప్తారా?

నర్సింగ్_ట్యూటర్ · రాత్రి 9:25

రాత పరీక్ష వద్దు. ఐదు పనులు చేయించండి: అడ్డ దుప్పటితో జరపడం, 30 డిగ్రీలు తిప్పి అరచేయి పరీక్ష, మడమ తేల్చి కాగితం దూర్చడం, ఎయిర్ బెడ్ చేతి పరీక్ష, చర్మం పోల్చి చెప్పడం. ఐదో దానికి ఆయా చేతి మీద లిప్‌స్టిక్‌తో ఒక మచ్చ, కాటుకలో కుంకుమ కలిపి ఊదా మచ్చ వేసి ఏది ఎవరికి చెప్పాలో అడగండి. అయిదూ తప్పులేకుండా చేసేదాకా మళ్లీ చేయించండి, తేదీ వేసి నర్సు సంతకం పెట్టాలి. నెలకు, మళ్లీ మూడు నెలలకు రెండు పనులు ఎంచి చేయించండి. కొత్తగా చేరినవాళ్లు ఈ ఐదూ చేసేదాకా ఒంటరిగా రాత్రి డ్యూటీ వద్దు.

లెక్క: నెలలో కొత్తగా వచ్చిన పుండ్లను మొత్తం రోగి-రోజులతో భాగించి 1000తో గుణించాలి. 36 మంది 30 రోజులంటే 1080. రెండు కొత్తవి వస్తే 1.85. చేరేటప్పుడే ఉన్నవి ఇందులో కలపొద్దు, వాటికి వేరే వరుస. శిక్షణ ఇచ్చిన మొదటి నెల ఈ సంఖ్య పెరగొచ్చు, ఇదివరకు కనిపించని మొదటి దశవి ఇప్పుడు కనిపిస్తాయి కాబట్టి. అప్పుడు కంగారుపడి సిబ్బందిని నిలదీయకండి. 3, 4 దశలవి విడిగా చూడండి, తగ్గాల్సినవి అవి.

నైట్_సూపర్‌వైజర్ · రాత్రి 9:40

రాత్రి డ్యూటీవాళ్లకు తలకు పెట్టుకునే టార్చి లైట్లు రెండు కొనండి. చేతిలో టార్చి పట్టుకుని మనిషిని తిప్పలేరు, పెద్ద లైటు వేస్తే పక్కనున్న ఐదుగురు లేస్తారు.